జంతుశాల ఎవరిది?

బాలబాలికలారా! జంతువులను చూచుటకు ఇష్టపడని బాలుడు గాని బాలిక గాని లోకమున లేరు. పెద్దవారమైన మాకును ఆ ఇష్టము తీరలేదు. పులి యెదుట నిలిచినపుడు అరువది యేండ్లవానికిని ఆరేండ్లవానికిని గుండె ఒకే తీరున కొట్టుకొనును. ఈ ఇష్టము తప్పు కాదు. అయితే దానిని తీర్చుకొనుటకై ఒక ప్రాణిని పట్టి ఒకచోట ఉంచినపుడు దాని మంచిచెడ్డలకు ఎవరు పూచీ? ఒక కుటుంబము తన సొంతముగా జంతుశాలను నడపవచ్చునా? నడిపినచో ఏ కట్టుబాటునకు లోబడి నడపవలెను? ఈ ప్రశ్నలను గూర్చి నాకు తోచిన అభిప్రాయమును మీ ముందుంచుచున్నాను. అది అనుభవము మీద కలిగిన అభిప్రాయము. ఆ అనుభవములో నా తప్పు కూడ ఒకటి ఉన్నది. దానిని దాచను.

మా చిన్నతనమున వెలిగండ్ల ప్రాంతపు పల్లెలలో జంతుశాల యనెడి మాటయే మేమెరుగము. పట్టణములు దూరము, బస్సులు అరుదు, చేతిలో డబ్బు అంతకంటె అరుదు. కాని జంతుశాలయే మా వీధికి నడచి వచ్చెడిది. సంక్రాంతికి గంగిరెద్దు వచ్చెడిది. కోతలైన వెనుక కోతులను ఆడించువారు, పాముల బుట్టలవారు వచ్చెడివారు. ఏడాదికి ఒకటి రెండు మారులు ఎలుగుబంటిని నడిపించుకొని ఒక కుటుంబము వచ్చెడిది. తండ్రి డోలు వాయించెడివాడు. కొడుకు త్రాడు పట్టుకొనెడివాడు. తల్లి జోలె పట్టి ఇంటింట గింజలు అడిగెడిది. ఆ ఎలుగుబంటియే వారి మాన్యము, వారి వ్యాపారము, వారి అన్నము. సరిగా ఆలోచించినచో అది ఒక కుటుంబము నడుపు జంతుశాలయే. గోడలు లేవు, టిక్కెట్టు లేదు, అంతే భేదము.

ఎలుగుబంటి వెనుక కాళ్లమీద లేచి గంతులు వేసెడిది. మేము చప్పట్లు కొట్టెడివారము. మా తల్లులు చంటిబిడ్డలకు దృష్టి తగులకుండునని ఒక వెంట్రుక అడిగి తాయెత్తులో కట్టెడివారు. కొందరు బిడ్డను దాని వీపుపై క్షణకాలము కూర్చుండబెట్టెడివారు. అందరమును దాని కాళ్లను చూచితిమి. దాని ముక్కును మాత్రము ఎవ్వరమును చూడలేదు. పసిపిల్లగా ఉన్నపుడే కాల్చిన సూదితో ఆ ముట్టెను తొలిచి, ఆ రంధ్రమున త్రాడు దూర్చుదురనియు, పండ్లు కూడ పీకుదురనియు పెద్దవాడనైన తరువాత చదివి తెలిసికొంటిని. త్రాడు లాగినపుడు కలుగు నొప్పికి అది పైకి లేచెడిది. దానిని మేము నాట్యమనుకొంటిమి. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెతను ఆనాడే మా పాఠములో చదువుకొంటిమి. కాని వీధిలో జరుగుచున్నది అదియేయని మాకు తట్టలేదు.

ఇచ్చట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆ కుటుంబము వారు క్రూరులు కారు. తాము తినిన రొట్టెలోనే దానికి ఒక ముక్క పెట్టెడివారు. చలిరాత్రి దాని ప్రక్కనే పరుండెడివారు. దానికి జబ్బు చేసినచో ఇంటిల్లిపాదియు దిగులుపడెడివారు. అనగా వారికి దానియందు ప్రేమ ఉన్నది. అయినను ముట్టెకు త్రాడును ఉన్నది. ప్రేమ ఉన్నంత మాత్రమున బాధ లేదనుకొనరాదని నేను నేర్చుకొన్న మొదటి పాఠమిది.

1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఎలుగుబంటిని పట్టుట, ఆడించుట నేరములైనవి. 2009 నాటికి ఆ ఆట దేశములో దాదాపుగా నిలిచిపోయినది. విడిపించిన ఎలుగుబంట్లకు ఆగ్రా దగ్గర, బెంగుళూరు సమీపమున బన్నేరుఘట్టలో ఆశ్రయములు ఏర్పడినవి. ఆడించిన కుటుంబములలో కొందరికి వేరు వృత్తులు చూపబడినవి, వారి పిల్లలు బడికి పోయిరి. ఇది మంచి పని. అయితే బీదవాని జంతుశాలను ఈ విధముగా నిలిపివేసిన లోకము, ధనవంతుని జంతుశాలను ఎట్లు చూచినదో కూడ పరిశీలింపవలెను గదా!

పూర్వము రాజులకు జంతువులను పోగుచేయుట ఒక వేడుక. మైసూరులో చామరాజేంద్ర ఒడయరు 1892లో జంతుశాలను స్థాపించెను. మొదట అది రాజకుటుంబపు వినోదము కొరకు ఏర్పడినది. తరువాతనే సామాన్యులకు తెరువబడినది. మన హైదరాబాదులో నిజాము ప్రభువుల కాలమున బాగే ఆం అను ఉద్యానములో, అనగా నేటి పబ్లిక్ గార్డెన్సులో, జంతువులుండెడివి. ఆ జంతువులలో గాలపాగస్ జాతికి చెందిన ఒక పెద్ద తాబేలు ఉండెను. గాలపాగస్ అనునవి పసిఫిక్ మహాసముద్రములో, దక్షిణ అమెరికాకు పడమట, ఈక్వడారు దేశమునకు చెందిన ద్వీపములు. అంత దూరపు ద్వీపజాతి ప్రాణి ముత్యాల నగరపు తోటలో ఆకులు మేయుచు కాలము గడిపెను.

కాలము మారినది. రాజులు పోయిరి, ప్రజాప్రభుత్వము వచ్చినది. మీర్ ఆలం చెరువు ప్రక్కన 380 ఎకరముల నేలమీద క్రొత్త జంతుశాలను కట్టుటకు 1959లో పూనుకొనిరి. 1963 అక్టోబరు 6వ తేదీన నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రజలకు తెరువబడినది. బాగే ఆం నుండి ఆ తాబేలు కూడ ఆ యేడే అచ్చటికి చేరెను. ఇనుప కమ్ములకు బదులు కందకములు త్రవ్వి, జంతువునకు మనుష్యునకు నడుమ దూరమును కల్పించిన ఆవరణములు అచ్చట ఏర్పడినవి. ఆ తాబేలు అటు తరువాత అరువదియేండ్లు అచ్చటనే బ్రతికి 2024 మార్చి నెలలో మరణించినది. దానికి సుమారు 125 ఏండ్లని జంతుశాలవారు చెప్పిరి.

ఆ వార్తను చదివిన దినమున నేను చాలసేపు ఆలోచించితిని. ప్రభువుల పాలనను, ప్రజల పాలనను రెండింటిని చూచిన ప్రాణి యది. దాని నడక మారలేదు. దాని మేత పెద్దగా మారియుండదు. మారినది ఏమి? ఉద్యానములో ఉన్ననాడు దానికి ఏమి లోపము జరిగినను ప్రభువును అడుగగల వాడెవ్వడు? క్రొత్త జంతుశాలలో ఉన్ననాడు ఏ పత్రికవాడైనను, ఏ శాసనసభ్యుడైనను, ఏ బడిపిల్లవాడైనను అధికారిని అడుగవచ్చును: “అయ్యా, దానికి మేత సరిగా పెట్టుచున్నారా? వైద్యుడు చూచుచున్నాడా?” అడుగుటకు హక్కు ఏర్పడినది. నా దృష్టిలో జంతుశాలకు ప్రాణము ఇదియే. గోడలు కాదు, కందకములు కాదు, వింతలు కాదు. అడుగువాడు ఉండుట.

ఒక కుటుంబము నడిపిన జంతుశాలలలో లోకమున మిక్కిలి పేరుపడినది జర్మనీ దేశమున హాంబర్గు నగరములోని హాగెన్‌బెక్ కుటుంబము వారిది. దాని చరిత్ర ఈ మాటనే బలపరచును. ఆ యింటి పెద్ద చేపల వర్తకుడు. 1848లో జాలరులు వలలో పడిన ఆరు సీలు జంతువులను అతనికి తెచ్చి ఇచ్చిరి. అతడు వాటిని నీటితొట్లలో ఉంచి కాసు పుచ్చుకొని జనులకు చూపెను. అటుల ప్రారంభమైన వ్యాపారమును కుమారుడైన కార్ల్ హాగెన్‌బెక్ పెంచి, ఖండఖండములనుండి జంతువులను తెప్పించి అమ్మెను. 1907లో హాంబర్గు దగ్గర స్టెల్లింగెనులో అతడు తెరచిన జంతుశాలలో కమ్ములు లేవు. కందకములు మాత్రమే ఉండెను. సింహమును బోనులో గాక బండలమీద బయట పరుండియుండగా జనులు మొదటిసారి చూచిరి. నేడు మనము జంతుశాలలలో చూచు కందకముల పద్ధతి అచ్చటనుండి వ్యాపించినది. 1959లో తెరువబడిన మన ఢిల్లీ జంతుశాల ప్రణాళికకు కూడ ఆ కుటుంబమువాడే తోడ్పడెను. ఇంతటి మేలు ఒక కుటుంబము వలన లోకమునకు కలిగినది. దానిని ఒప్పుకొనవలెను.

కాని అదే కుటుంబపు చరిత్రలో మరొక పుట ఉన్నది. ఆ కాలపు జంతువుల వర్తకములో పిల్లలను పట్టుటకు తల్లులను చంపుట మామూలుగా ఉండెను. దారిలో చచ్చినవి చావగా మిగిలినవే రేవునకు చేరెడివి. అంతటితో ఆగలేదు. 1874లో కార్ల్ హాగెన్‌బెక్ ఉత్తర ధ్రువప్రాంతపు సామీ జాతి మనుష్యులను, వారి రెయిండీరు జింకలతో కూడ తెప్పించి, జంతువులను చూపినట్లే జనులకు చూపెను. తరువాత ఇతర దేశముల ప్రజలను కూడ అట్లే ప్రదర్శించిరి. టిక్కెట్టు కొనినవారు వేలకొలది. వారిలో “ఇది ఏమి పని?” అని నిలదీసినవారు కొద్దిమంది. అడుగువారు లేని చోట తెలివియు క్రౌర్యమును ఒకే చేతిలో కలిసియుండగలవు. కందకమును కనిపెట్టిన బుద్ధియే మనుష్యుని కంచెలో నిలిపినది.

కావున కుటుంబములు జంతుశాలలను నడపనే రాదందునా? అనను. నా అభిప్రాయమును బలపరచు మంచి ఉదాహరణము ఒకటి కలదు. ఇంగ్లండునకు ఫ్రాన్సునకు నడుమ జెర్సీ అను చిన్న ద్వీపమున్నది. అచ్చట జెరాల్డ్ డరెల్ అను రచయిత 1959లో ఒక పాతకాలపు భవనమును పుచ్చుకొని, తానును అందే కాపురముండి, జంతుశాలను ప్రారంభించెను. జంతువులను వింతగా చూపుటకు గాక, అంతరించిపోవుచున్న జాతులను పెంచి తిరిగి అడవికి పంపుటకు జంతుశాల ఉండవలెనని ఆయన ఆశయము. నాలుగేండ్లకు, 1963లో, ఆ జంతుశాలను ఒక ధర్మసంస్థకు అప్పగించెను. అప్పటినుండి అది ఆయన సొంతము కాదు. లెక్కలు చెప్పవలసిన సంస్థ సొంతము. హిందూ మహాసముద్రమున మారిషస్ ద్వీపములో గులాబి రంగు పావురము ఒకటి ఉన్నది. 1990 ప్రాంతమున అడవిలో అవి పదింటికి దిగజారినవి. జెర్సీవారు, మారిషస్ వారు కలిసి పెంచి విడిచిన పిల్లల వలన నేడవి కొన్ని వందలైనవి. చూచితిరా! ఇంటివారి శ్రద్ధయు, నలుగురి లెక్కయు రెండును కలిసినచో ఎంతటి పని జరుగునో!

మన దేశములో కూడ ఈ సూత్రము చట్టమైనది. 1991లో వన్యప్రాణి చట్టమును సవరించి జంతుశాలలను గూర్చి ఒక ప్రత్యేకాధ్యాయమును చేర్చిరి. 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడెను. దాని గుర్తింపు లేనిదే ప్రభుత్వము గాని, కుటుంబము గాని, మరెవ్వరు గాని జంతుశాలను నడపరాదు. స్థలము, మేత, వైద్యము, పరిశుభ్రత అన్నియు దాని పరీక్షకు లోబడవలెను. వారమునకు ఒక దినమైనను సందర్శకులకు తలుపులు మూసి జంతువులకు విశ్రాంతి ఇయ్యవలెనని కూడ నియమమున్నది. హైదరాబాదు జంతుశాల సోమవారమున మూసియుండుట అందుకే. చట్టము దృష్టిలో సర్కసు కూడ ఒక జంతుశాలయే. 1998లో పులి, సింహము, చిరుతపులి, ఎలుగుబంటి, కోతి వీనిని ప్రదర్శనలలో ఆడింపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. సర్కసు యజమానులు న్యాయస్థానములకు పోయిరి గాని, 2001లో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను నిలిపెను. అటుల విడుదలయైన సింహములకు, పులులకు తిరుపతిలోను విశాఖపట్టణములోను జంతుశాలలను ఆనుకొని ఆశ్రయములు కల్పించిరి. మీలో ఎవరైనను తిరుపతికి పోయినపుడు అచ్చటి జంతుశాలను చూచియుందురు. ఆ ముసలి సింహములు అక్కడికి ఎట్లు వచ్చినవో ఇపుడు తెలిసికొంటిరి.

ఇటీవలి విషయము మరొకటి. గుజరాతు రాష్ట్రమున జామ్‌నగరు దగ్గర దేశములోకెల్ల సంపన్నమైన ఒక పారిశ్రామిక కుటుంబము “వనతార” అను పేర గొప్ప జంతురక్షణ కేంద్రమును నెలకొల్పినది. 2025లో దానిని గూర్చి కొందరు సందేహములు వెలిబుచ్చగా, సుప్రీంకోర్టు దర్యాప్తు బృందమును నియమించెను. ఆ బృందమునకు పెద్దగా ఉన్నవారు మన తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి జాస్తి చలమేశ్వరు గారు. బృందము పరిశీలించి నియమోల్లంఘన జరుగలేదని నివేదించెను. న్యాయస్థానము దానిని అంగీకరించెను. ఇందు మీరు గమనింపవలసినది తీర్పు కంటె విచారణ. ఎంత కలిగినవారి జంతుశాలయైనను, ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినను, “లోపల ఏమి జరుగుచున్నది?” అని అడిగినపుడు తలుపు తెరచి చూపవలసినదే. పూర్వపు రాజునకు లేని ఆ బాధ్యత నేటి సంపన్నునకు ఉన్నది. అడిగించుకొనుట అవమానము కాదు. అడిగించుకొని నిలిచినవానికి అది గౌరవము.

ఇంత చెప్పుచున్న నేను ఒకప్పుడు ఎవరును అడుగని జంతుశాలకు పెద్దనైయుంటిని. ఆ కథ వినుడు.

నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగములో చేరిన క్రొత్తలో, మా పశ్చిమ ప్రాంతపు పల్లెలో ఒక బడిలో పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తొలకరి వానలు పడిన మరునాడు ఒక చిన్న తాబేలును చొక్కాలో మూటగట్టి తెచ్చెను. నల్లని డిప్పమీద పసుపుపచ్చని గీతలు నక్షత్రమువలె విచ్చుకొని ఎంతో అందముగా ఉండెను. చిల్లచెట్ల మధ్య మేకలను కాయుచుండగా దొరికినదట. తరగతి యంతయు ఎగబడి చూచినది. పిల్లల ఉత్సాహమును చూచి నాకును ఉత్సాహము పుట్టినది. “మన బడిలోనే ఒక జంతుశాల పెట్టుదము” అంటిని. వారమునకే పంజరములో రామచిలుక వచ్చెను. పెట్టెలో ఉడుత వచ్చెను. తాబేలును ఒక సిమెంటు తొట్టిలో, మోకాటిలోతు నీరు పోసి, అందులో విడిచితిమి. తాబేలనగా నీటి జంతువని పాఠములో చదివితిమి గదా! అన్నపు మెతుకులు వేసితిమి. నేనే స్వయముగా అందమైన అక్షరములతో “మన జంతుశాల” అని అట్టమీద వ్రాసి వ్రేలాడదీసితిని. చూడవచ్చిన పెద్దలు అందరు నన్ను మెచ్చుకొనిరి. వారిలో ఒక్కరును ఏమియు అడుగలేదు.

కొన్ని దినములకు ఒక గొర్రెలకాపరి తన కుమారుని ధ్రువపత్రము కొరకు బడికి వచ్చెను. తొట్టి దగ్గర నిలిచి వంగి చూచెను. తాబేలు తొట్టి గోడకు ముందు కాళ్లు ఆనించి, మెడ సాచి, తల మాత్రము నీటిపైకి పెట్టియుండెను. అది ఆడుచున్నదని మేము అనుకొనుచుంటిమి. అతడు నా వైపు తిరిగి, “అయ్యవారూ, ఇది మెట్ట తాబేలు గదా! నీళ్లల్లో ఏసినారేంది? దీనికి ఈత రాదు సామీ! ఇన్నాళ్లబట్టి మునగకుండా పెనుగులాడతా ఉండాది” అనెను.

నా నోట మాట రాలేదు. అతడే చేయి పెట్టి దానిని పైకి తీసి, ఎండలో ఆరబెట్టి, గడ్డియు ఆకులును వేసెను. కాని ఆలస్యమైనది. నాలుగవనాడు అది చనిపోయెను. తెచ్చిన బాలుడు ఏడ్చెను. నేను తరగతిలో ఏదో సర్దిచెప్పితిని గాని, ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు చిలుకను, ఉడుతను విడిచిపెట్టి, అట్టను నేనే చింపివేసితిని.

నేను చదువుకొన్నవాడను, అతడు అక్షరము రానివాడు. అయినను ఆ తొట్టి దగ్గర పండితుడు అతడే. నాకు జంతువుమీద ప్రేమ లేకపోలేదు. లేనిది తెలివి. అంతకంటె ముఖ్యముగా, నా చుట్టును ఉన్నవారు నన్ను అడుగలేదు, నేను ఒకరిని అడుగలేదు. అయ్యవారు చేసినది సరియేయని పిల్లలు అనుకొనిరి. పిల్లలు సంతోషించుచున్నారు గనుక సరియేయని నేను అనుకొంటిని. ఇంటిలో పెట్టిన జంతుశాలకు ఉండు అపాయమిదియే. ఇంటి పెద్ద మాటకు ఎదురుండదు. కాకిపిల్ల కాకికి ముద్దు. తన పంజరము తనకు మేడవలె కనబడును.

ఆ పని అజ్ఞానము మాత్రమే గాక నేరము కూడ అని తరువాత తెలిసికొంటిని. నక్షత్ర తాబేలు మన పొడినేలల చిట్టడవులలో బ్రతుకు ప్రాణి. అందముగా ఉండుటయే దానికి చేటైనది. ఇండ్లలో పెంచుకొనుటకై వేలకొలది తాబేళ్లను సంచులలో కుక్కి దేశదేశములకు దొంగతనముగా తరలించుచున్నారు. అందువలన 2019లో అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము వాటి వ్యాపారమును నిషేధించిరి. 2022లో సవరింపబడిన మన చట్టములో వాటికి మొదటి పట్టికలో, అనగా పులితో సమానమైన రక్షణలో, చోటిచ్చిరి. రామచిలుకను పంజరములో పెట్టుట కూడ చట్టవిరుద్ధమే. మీ యింటిలోనో పొరుగింటిలోనో చిలుక పంజరముండినచో పెద్దలకు వినయముగా చెప్పుడు.

మరి జంతుశాలలే వలదందురా యని మీరడుగవచ్చును. వలదనను. సరియైన జంతుశాల చేయగల మేలును మనకు దగ్గరలోనే చూడవచ్చును. మూషికజింక యని ఒక జింకజాతి కలదు. కుందేలంతయే ఉండును, కొమ్ములు లేవు, మిక్కిలి పిరికిది. హైదరాబాదు జంతుశాలలో 2010లో ఆ జింకలను కొద్దింటిని తెచ్చి, అచ్చటి పరిశోధనాలయపు శాస్త్రజ్ఞుల సాయముతో, జనుల చూపునకు దూరముగా పెంచసాగిరి. అవి వృద్ధిచెందినవి. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాదు అభయారణ్యమున విడిచిరి. ఆలోచింపుడు! ఆ పెంపకమున టిక్కెట్టు కొన్నవాడు చూచి చప్పట్లు కొట్టునది ఏమియు లేదు. అయినను ఆ జంతుశాల చేసిన పనులలో ఘనమైనది అదియేయని నేనందును. జంతువును లోపలికి తెచ్చుట ఎవరైనను చేయుదురు. బయటికి పంపగలిగినదే జంతుశాల.

ఇక మీ కర్తవ్యము. మీరు విహారయాత్రకు జంతుశాలకు పోవుదురు. అచ్చట జంతువును రెచ్చగొట్టుట, దానికి తినుబండారములు వేయుట, కేకలతో బెదరించుట, చెత్త పారవేయుట చట్టప్రకారము నేరములు. ఇవి చేయకుండుట కనీసము. అంతకంటె ఒక మెట్టు పైకెక్కుడు. ప్రతి ఆవరణము ముందు నిలిచి అడుగుడు. దీనికి నీడ ఉన్నదా? మన చూపునుండి తప్పుకొనుటకు చాటు ఉన్నదా? ఇది ఒంటిగా బ్రతుకు జాతియా, మందగా బ్రతుకు జాతియా? ఇదే చోట అటునిటు తిరుగుచున్నది, ఎందువలన? సంరక్షకుని మర్యాదతో అడుగుడు. మంచి సంరక్షకుడు సంతోషముతో చెప్పును. కసురుకొనువాడున్నచో మీ ఉపాధ్యాయునకు చెప్పి అధికారులకు ఉత్తరము వ్రాయుడు. అది ప్రభుత్వపు జంతుశాల కానిండు, ఒక కుటుంబపు జంతుశాల కానిండు, ప్రశ్న ఒక్కటే.

మన ప్రాంతపు పిల్లలకు మరొక భాగ్యము కూడ ఉన్నది. మార్కాపురము, గిద్దలూరు దాటి పడమటికి పోయినచో నల్లమల. కృష్ణానది ఇరుప్రక్కల వ్యాపించిన ఆ అడవిని 1983లో పులుల రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. అచ్చట పులి, చిరుతపులి, కణితి, దుప్పి ఉన్నవి. మా వీధిలో ఆడిన ఎలుగుబంటి జాతి అచ్చట ముట్టెకు త్రాడు లేకుండ చెదపుట్టలను త్రవ్వుకొని తినుచున్నది. ఆ జంతువుల జాడలను తరతరములుగా ఎరిగిన చెంచులు అచ్చట ఉన్నారు. అది ఏ కుటుంబపు సొత్తును కాదు. కనుక దానిని గూర్చి అడుగవలసిన భారము మనయందరిది.

మొన్న వానాకాలములో వెలిగండ్ల దగ్గర ఒక డొంకదారిని నడచుచుండగా ఒక నక్షత్ర తాబేలు నెమ్మదిగా దారి దాటుచు కనబడెను. నాతో ఉన్న మా మనుమడు పరుగెత్తి వంగి, చేయి చాచి ఆగి, నా వైపు చూచి, “తాతయ్యా, తీసికొందునా?” అని అడిగెను. “నన్ను అడుగుట మంచిదే. ఇంకొంచెము సేపు దానినే చూడుము, నీకే తెలియును” అంటిని. మేమిద్దరము ప్రక్కకు జరిగి నిలిచితిమి. అది దారి దాటుటకు చాలసేపు పట్టినది. చిల్లపొదలోనికి పోయి కనబడకుండెను. వాడు మరల అడుగలేదు.